ఏడో తరగతి పిల్లలకు లెక్క నిజంగా వచ్చిందో లేదో ఎలా తేల్చుకోవాలి?

నిరంతర సమగ్ర మూల్యాంకనం చేయాలని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. మన బడుల్లో అది ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పాఠాలు నడుస్తుండగానే చేసే మూల్యాంకనం) రూపంలో వచ్చింది: పిల్లల భాగస్వామ్యం, రాతపని, ప్రాజెక్టు, స్లిప్ టెస్ట్ (చిన్న రాతపరీక్ష). సాధనాలు మంచివే. కానీ గైడులోంచి ప్రాజెక్టు ఎక్కించి, తోచిన మార్కు వేసి రిజిస్టరు నింపేస్తే ఎవరికి ఏం వచ్చో తేలదు. శాతాల పాఠం తీసుకుని ఎలా చేయొచ్చో చూద్దాం.

1. ప్రశ్న తయారుచేసే ముందే, ఏం చూడాలో ఒక్క వాక్యంలో రాసుకోండి. ‘శాతాలు వచ్చు’ అంటే చాలదు. ‘కొట్లో ఇచ్చే తగ్గింపు లెక్కగట్టి, అదెలా వచ్చిందో చెప్పగలగాలి’ అని రాసుకోండి. గణితంలో విద్యాప్రమాణాలు (పిల్లలకు రావాల్సిన సామర్థ్యాలు) ఐదున్నాయి గదా అని ఒకే ప్రశ్నతో అన్నీ కొలవబోకండి. ఇక్కడ సమస్యా సాధన, కారణాలు చెప్పడం చాలు.

2. బట్టీకి లొంగని ప్రశ్న ఇవ్వండి. ‘500 రూపాయల చీర మీద 20 శాతం తగ్గింపు. తగ్గిన ధర మీద ఇంకో 10 శాతం. చివరికి ఎంత కట్టాలి? మొత్తం 30 శాతం తగ్గినట్టేనా?’ కట్టాల్సింది 360, తగ్గింది 28 శాతమే. 350 అన్నవాడికి శాతం కట్టడం వచ్చు, రెండోది దేని మీద కట్టాలో తెలియలేదు. 400 దగ్గర ఆగిన అమ్మాయి ప్రశ్న సగమే చదివిందేమో, అడిగితే తెలిసిపోతుంది. 360 రాసి కూడా ఎలా వచ్చిందో చెప్పలేని వాళ్లుంటారు. వాళ్లకు పూర్తి మార్కులూ, మిగతా ఇద్దరికీ సున్నా వేశామంటే ఈ తేడాలన్నీ కొట్టుకుపోతాయి.

3. స్థాయిలు ముందే రాసుకుని పిల్లలకూ చెప్పండి: సొంతంగా చేసి కారణం చెప్పారు, జవాబు తెచ్చారు కానీ కారణం చెప్పలేకపోయారు, ఒక తగ్గింపు వరకే చేశారు, ఇంకా మొదలు కాలేదు.

4. నలభై మందిని ఒక్క పీరియడ్‌లో గమనించడం ఎవరి వల్లా కాదు. రోజుకు ఏడెనిమిది మందిని చూసి, ఒక్కొక్కరి గురించి ఒక్క ముక్క రాసుకోండి. రాయడానికి తడబడేవాడు నోటితో చెబితే ఒప్పుకోండి. మీరు కొలుస్తున్నది చేతిరాతను కాదు కదా.

5. ప్రాజెక్టులో చార్టు అందానికి మార్కులొద్దు (అది చాలాసార్లు అక్కయ్యల పనితనం). ‘ఈ ధర ఏ కొట్లో అడిగావు?’ అంటే చాలు, తిరిగినవాళ్లు టక్కున చెప్పేస్తారు.

6. ఇక 350 అన్నవాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ‘సగం ధరకిచ్చి, దానిమీద మళ్లీ సగం తగ్గిస్తే చీర ఊరికే వస్తుందా?’ అనండి. నవ్వుతూనే దారిలో పడతారు. వారం పోయాక కొత్త లెక్క ఇవ్వండి: బస్సు చార్జీ 10 శాతం పెరిగి, ఆ పెరిగిన చార్జీ మీద 10 శాతం తగ్గితే పాత చార్జీకే వస్తుందా? ఇప్పుడు చెప్పగలిగినవాళ్ల స్థాయి మార్చేయండి. పాతదాంతో కలిపి సగటు కట్టకండి.