సెలవుల విమానం పాతదైతే: టికెట్ కొనేముందు నుంచి తిరిగొచ్చేదాకా

పదకొండేళ్లు క్యాబిన్ క్రూగా పనిచేశాను. అందులో ఎనిమిదేళ్లు జనం సెలవులకు వెళ్లే రూట్లలోనే. ఎక్కువగా బోయింగ్ 767లు, కొన్నాళ్లు 757లు. ఆ విమానాలంటే నాకు ఇప్పటికీ ప్రేమే. కానీ ఏడాదంతా దాచుకున్న డబ్బుతో పిల్లల్ని, పెద్దవాళ్లని వెంటబెట్టుకుని బయల్దేరిన కుటుంబం, వెనక్కి వాలని సీట్లో తొమ్మిది గంటలు బిగుసుకుని కూర్చోవడం చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనేది. ఆ అవస్థలో చాలా భాగం తప్పించుకోగలిగిందే. ఎలాగో చెప్తాను.

ముందు భయం సంగతి తేల్చేద్దాం. విమానానికి పాతికేళ్లు అని వినగానే గుండె జారిపోనక్కర్లేదు. పైకెళ్లినప్పుడల్లా క్యాబిన్‌లో గాలి నింపుతారు, దిగేటప్పుడు తగ్గిస్తారు. అలా ఒక్కో ప్రయాణానికీ విమానం ఒళ్లు ఒకసారి ఉబ్బి తగ్గుతుంది. లోహం అలిసిపోయి పగుళ్లు రావడంలో ఏళ్ల కంటే ఈ లెక్కే ముఖ్యం. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల మధ్య తిరిగే అలోహా ఎయిర్‌లైన్స్ 737 పైకప్పు ఆకాశంలో ఊడిపోయింది. దాని వయసు 19 ఏళ్లే. కానీ దీవి నుంచి దీవికి చిన్న చిన్న ప్రయాణాలు చేసీ చేసీ 89 వేలకు పైగా సార్లు ఎగిరి దిగింది. ఆ రోజు పోయిన ప్రాణం ఒక్కటే, నడవలో నిలబడి పనిచేస్తున్న క్రూ మెంబరు క్లారాబెల్ లాన్సింగ్‌ది. మా శిక్షణలో ఆ పేరు విన్న రోజు నాకు ఇంకా గుర్తుంది. ఆ ప్రమాదం తర్వాతే పాత విమానాల తనిఖీ నియమాలు బిగిశాయి, 1991లో అమెరికా దానికోసమే ఒక చట్టం చేసింది. దూర ప్రయాణాలు చేసే పాతికేళ్ల 767 రోజుకి ఒకటి రెండుసార్లే ఎగురుతుంది. పైగా కొన్నేళ్లకోసారి సీట్లు, గోడల పలకలు అన్నీ విప్పి అస్థిపంజరం దాకా చూసే పెద్ద తనిఖీ ఉంటుంది. కాబట్టి మీరు చూడాల్సింది విమానం వయసు కాదు, క్యాబిన్ వయసు. ముప్పై ఏళ్ల విమానంలో రెండేళ్ల కిందటి సీట్లు ఉండొచ్చు. పన్నెండేళ్ల విమానంలో పన్నెండేళ్లుగా ఎవరూ ముట్టుకోని సీట్లూ ఉండొచ్చు. ఈ రెండోదే ఒళ్లు హూనం చేస్తుంది.

ఈ రూట్లకే పాతవి ఎందుకొస్తాయంటే, లెక్క చాలా సులువు. కొత్త విమానానికి నెలనెలా పెద్ద వాయిదా కట్టాలి. అది రోజంతా, ఏడాదంతా ఎగురుతూనే ఉండాలి. సెలవుల రూట్లో నాలుగు నెలలు కిటకిట, మిగతా నెలలు ఖాళీ. అప్పు తీరిపోయిన పాత విమానమైతే సీజన్ కాని రోజుల్లో నిలబెట్టినా పెద్దగా నష్టం ఉండదు. ఎయిర్ కెనడా 2013లో విహార రూట్ల కోసం రూజ్ అనే అనుబంధ సంస్థ మొదలుపెట్టినప్పుడు తన 767లను దానికి అప్పగించింది. అవి 2020 దాకా తిరిగాయి. జర్మనీ విహార సంస్థ కాండోర్ అయితే 757-300ని ప్రపంచంలోనే మొదట 1999లో తీసుకుని, రెండు దశాబ్దాలకు పైగా నడిపింది.

ఇక పని మొదలుపెడదాం. టికెట్ కొనే పేజీలో ప్రయాణ వివరాలు తెరిస్తే విమానం రకం కనిపిస్తుంది. కొన్నిచోట్ల మూడక్షరాల కోడే ఉంటుంది. 752 అంటే 757-200. 763 అంటే 767-300. 332, 333 అంటే పాత తరం ఎయిర్‌బస్ ఎ330లు. 339 ఉంటే అదే ఎ330 కొత్త తరం. 789 అంటే 787-9. ఆ పక్కనే చిన్న అక్షరాల్లో 'ఈ విమానాన్ని నడిపేది ఫలానా సంస్థ' అని ఇంకో పేరుందేమో తప్పకుండా చూడండి. సీజన్‌లో విమానాలు చాలక చాలా సంస్థలు విమానాన్ని, పైలట్లను, క్రూని కలిపి అద్దెకు తెచ్చుకుంటాయి. దీన్ని వెట్ లీజ్ అంటారు. టికెట్ మీద ఒక పేరు, తోక మీద ఇంకో పేరు. అప్పుడు మీరు వెబ్‌సైట్‌లో చూసిన సీటు బొమ్మకీ, లోపలున్న సీటుకీ సంబంధం ఉండకపోవచ్చు.

ఆ తర్వాత మీ ఫ్లైట్ నంబరును ఫ్లైట్‌రాడార్24 అనే విమానాల జాడ చూపే సైట్‌లో కొట్టి, గత వారం రోజులు ఏ రిజిస్ట్రేషన్ నంబరున్న (కారు నంబరులా ఒక్కో విమానానికీ ఉండేది) విమానాలు వెళ్లాయో చూడండి. ఏడు రోజుల్లో అయిదు రోజులు అవే రెండు విమానాలు తిరిగితే మీకూ వాటిలో ఒకటి వచ్చే అవకాశం ఎక్కువ. ఆ నంబరుతో ప్లేన్‌స్పాటర్స్ సైట్‌లో వెతికితే వయసు, ఇంతకుముందు ఎవరి దగ్గర ఉందో తెలుస్తుంది. నేనైతే వయసు కంటే చేతులు మారిన తేదీనే ముందు చూస్తాను. చేతులు మారినప్పుడే చాలాసార్లు లోపల కొత్త సీట్లు పడతాయి. చివరిగా ఆ రిజిస్ట్రేషన్ నంబరుతో ప్రయాణికులు తీసిన లోపలి ఫోటోలు వెతకండి. ఫోటో ఎప్పటిదో చూడటం మర్చిపోకండి.

సీటు ఎంచుకునేటప్పుడు పాత విమానాన్ని తీసిపారేయొద్దు. 767లో వరసకి 2-3-2, మొత్తం ఏడు సీట్లు. ఏడింటిలో ఆరు కిటికీ పక్కనో, నడవ పక్కనో ఉంటాయి. ఇద్దరే వెళ్తుంటే కిటికీ వైపు జంట సీట్లు దొరికితే అంతకంటే హాయి ఇంకోటి లేదు. మూడో మనిషిని దాటుకుంటూ వెళ్లే పని ఉండదు. కొత్త 787లో దాదాపు అందరూ 3-3-3 పెడుతున్నారు, సీటు కాస్త ఇరుకే. ఎ330కి 2-4-2 అందం. కానీ కొన్ని విహార సంస్థలు అందులోనూ తొమ్మిది సీట్లు ఇరికిస్తాయి, భుజం భుజం రాసుకుంటుంది. వరసకి ఎన్ని సీట్లో ఎయిరోలోపా అనే సైట్‌లోని సీటు పటాల్లో చూసి లెక్కపెట్టుకోండి.

వద్దనుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చివరి వరస చాలాసార్లు వెనక్కి వాలదు. ఎమర్జెన్సీ డోర్ ముందున్న వరస కూడా అంతే. డోర్ పక్క సీటుకి కాళ్లు చాపుకునే చోటు బాగుంటుంది కానీ పాత విమానాల్లో అక్కడ చలి పాదాల్లోంచి ఎక్కుతుంది. రాత్రి ప్రయాణంలో ఒక పెద్దావిడ అక్కడ కూర్చుని వణికిపోతుంటే, విమానంలో మిగిలిన దుప్పట్లన్నీ కాళ్ల కింద పరిచినా చాల్లేదు, చివరికి మా జంప్ సీటు (క్రూ కూర్చునే మడత సీటు) పక్కనున్న నా కోటు తెచ్చి చుట్టాను. పెద్దవాళ్లకు ఆ సీటు తీసుకోకండి. సీటు వెనక స్క్రీన్లున్న పాత విమానాల్లో ఏదో ఒక సీటు కింద ఆ స్క్రీన్లని నడిపే లోహపు డబ్బా ఉంటుంది, సగం కాలి చోటు దానికే పోతుంది. 737ల్లో రెక్కకి కాస్త ముందు ఎడమవైపు ఒక వరసలో కిటికీ సీటుకి కిటికీయే ఉండదు. పైకి వెళ్లే ఏసీ గొట్టం ఆ గోడలోంచే పోతుంది మరి. ఆకాశం చూడాలని మొదటిసారి ఎక్కిన పిల్లవాడిని అక్కడ కూర్చోబెట్టిన రోజు నాకు చాలా బాధేసింది.

గుండె, ఊపిరితిత్తుల ఇబ్బంది ఉన్నవాళ్లు ఈ మాట వినండి. పాత లోహపు విమానాల్లో క్యాబిన్ గాలి 8,000 అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉండొచ్చు. 787, ఎ350ల్లో అది 6,000 అడుగుల దగ్గరే ఆగుతుంది. టికెట్ కొనకముందే డాక్టరుకి విమానం రకం కూడా చెప్పి అడగండి.

చేతి సంచిలోకి ఏం కావాలంటే: చెవుల్లో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు, మందం సాక్సులు, తడి గుడ్డలు (వెట్ వైప్స్), ఖాళీ నీళ్ల సీసా, ఫోన్లో ముందే దించుకున్న సినిమాలు. సీటు దగ్గర ప్లగ్ ఉంటుందని నమ్మొద్దు. పవర్ బ్యాంక్ 100 వాట్ అవర్ లోపుది, చేతి సంచిలోనే. ఇప్పుడు కొన్ని సంస్థలు విమానంలో దాన్ని వాడనివ్వడం లేదు, కాబట్టి ఫోన్లు గేటు దగ్గరే నిండుగా చార్జ్ చేసుకోండి. పాత 767, 757ల్లో పైన సామాను అరలు లోతు తక్కువ. చక్రాల పెట్టె నిలువుగా పట్టదు, అడ్డంగా పెట్టాలి. అందుకే అరలు త్వరగా నిండిపోతాయి. మందులు, పాస్‌పోర్టు, పసివాళ్ల సామాను చిన్న సంచిలో వేరుగా పెట్టుకుంటే, పెద్ద పెట్టె కిందికి పంపాల్సి వచ్చినా కంగారుండదు.

ఇప్పుడు అసలు విషయం. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకునేట్టయితే ఇది గుర్తుంచుకోండి: సీట్లో కూర్చోగానే, డోర్లు వేయకముందే అన్నీ ఒకసారి చూసుకోండి. సీటు వెనక్కి వాలి తిరిగి లేస్తోందా, బెల్టు బిగుస్తోందా, ట్రే కిందికి దిగి నిలబడుతోందా, చదువుకునే లైటు వెలుగుతోందా, ఆరుతోందా. స్క్రీన్, హెడ్‌ఫోన్ పెట్టే చోటు. సీటు పరుపు జారినట్టుంటే గట్టిగా వెనక్కి అదిమితే అతుక్కుంటుంది, వెల్క్రోతోనే ఉంటుంది అది. మొత్తం రెండు నిమిషాల పని.

ఎందుకింత పట్టుగా చెప్తున్నానంటే, ఒక రాత్రి ప్రయాణంలో ఒక దంపతులు తొమ్మిది గంటలు నిద్రలేకుండా కూర్చున్నారు. ఆయన సీటు వాలలేదు, ఆమె తల మీద లైటు ఆరలేదు. పాత విమానం కదా, ఇంతేనేమో అనుకున్నారట. దిగబోయే ముందు నేను గ్లాసులు తీస్తుంటే మాటవరసకి చెప్పారు. బయల్దేరేముందు ఇంజనీరు ముందు డోర్ దగ్గరే పావుగంట నిలబడి ఉన్నాడు. ఆ బల్బు విప్పడం అతనికి చిటికెలో పని. వెనక రెండు సీట్లు ఖాళీగా వచ్చాయి కూడా. ఆ మాట వాళ్లకి చెప్పడానికి నాకు నోరు రాలేదు. డోర్లు మూశాక మా చేతిలో మిగిలేది ఖాళీ సీటుంటే మార్చడం, స్క్రీన్ ఒకసారి రీసెట్ చేయడం, అంతే.

చెప్పేటప్పుడు సీటు నంబరుతో, ఒక్క ముక్కలో చెప్పండి: "31సి సీటు వాలట్లేదండీ, క్యాబిన్ లాగ్‌లో రాస్తారా?" ప్రతి విమానంలో క్యాబిన్ లోపాలు రాసే పుస్తకం ఉంటుంది, కొన్నిచోట్ల ట్యాబ్లెట్. అందులో ఎక్కిన లోపానికి ఇంజనీరు జవాబు రాసి సంతకం పెట్టి తీరాలి. మాటగా చెప్పింది ఆ రోజుతో పోతుంది. ప్రయాణికుడి నోట 'లాగ్' అన్న మాట వింటే మేం కూడా పెన్ను వెంటనే తీస్తాం. సీటు నంబరు కనిపించేలా ఒక ఫోటో తీసిపెట్టుకోండి. డబ్బు కట్టి ఎంచుకున్న సీటు, వైఫై లాంటివి అందకపోతే ఆ డబ్బు వెనక్కి అడగడానికి అదే ఆధారం. విమానం మారి మిమ్మల్ని పై తరగతి నుంచి కింది తరగతికి దించితే, యూరప్ నియమం 261/2004 వర్తించే ప్రయాణాల్లో దూరాన్ని బట్టి టికెట్ ధరలో 30, 50 లేదా 75 శాతం ఏడు రోజుల్లో తిరిగివ్వాలి. చాలామందికి తెలియక అడగరు.

సేవ గురించి నిజం చెప్తాను. నిబంధన 50 సీట్లకు ఒక క్రూ మెంబరు. విహార రూట్లలో చాలాసార్లు సరిగ్గా అంతే ఉంటారు. 235 సీట్లు బిగించిన 757లో మేం అయిదుగురం, నడవ ఒక్కటే. భోజనాల బండి, అంటే కార్ట్, నడవలో ఉండగా కాల్ బెల్ కొడితే, మేం విననట్టు నటించడం లేదు, కార్ట్ దాటి రాలేకపోతున్నాం. మంచినీళ్లు, పిల్లల పాలకు వేడినీళ్లు, మాత్ర వేసుకునే వేళ ఏదైనా ఉంటే ఎక్కగానే చెప్పండి, లేదా భోజనాలయ్యాక గ్యాలీ (విమానంలోని వంటగది) దగ్గరికి నడిచి రండి. గ్యాలీకి వచ్చి మెల్లగా అడిగినవాళ్లకి లేదనడం నాకు గుర్తులేదు. ప్రత్యేక భోజనం కావాలంటే కనీసం 24 గంటల ముందే రాయించుకోండి, కొన్ని సంస్థలు ఇంకా ముందే అడుగుతాయి. కార్ట్ ముందు నుంచి మొదలైతే వెనక వరసలకి మిగిలిందే దక్కుతుంది.

టాయిలెట్‌లో తడి గుడ్డలు, డైపర్లు వేయకండి, మీ పిల్లలకీ చెప్పండి. గొట్టం మూసుకుపోతే ఆకాశంలో బాగుచేసే దారి లేదు, తాళం వేయడమే. వెనకున్న మూడింటిలో ఒకటి మూసి ఏడు గంటలు నడిపిన రాత్రి నడవంతా క్యూ. పడుకున్న ప్రతి మనిషి భుజానికీ ఎవరిదో నడుము తగులుతూనే ఉంది.

తిరుగు ప్రయాణానికి కాస్త వేరే జాగ్రత్త కావాలి. చాలా విహార రూట్లలో తిరిగొచ్చేటప్పుడు పెట్టే భోజనం కూడా బయల్దేరిన చోటే వండి, చల్లగా ఉంచి తీసుకెళ్తారు. అందుకే రుచి తగ్గుతుంది, రకాలు తక్కువుంటాయి. విమానాశ్రయంలో తినేసి ఎక్కండి. వచ్చిన విమానం కాసేపట్లోనే తిరిగి లేవాలి, శుభ్రం చేసే సమయం తక్కువ. ట్రే, చేతులు ఆనించే చోటు మీరే తడి గుడ్డతో తుడుచుకోండి. ఇక వెళ్లేటప్పుడు ఎక్కిన విమానం రిజిస్ట్రేషన్ నంబరు, పాడైన సీటు నంబరు ఫోన్లో రాసిపెట్టుకోండి. విహార సంస్థల దగ్గర విమానాలు కొన్నే ఉంటాయి, వారం తర్వాత అదే రావడం మామూలే. ముందురోజు రాత్రి చూసుకుని, అదే నంబరు కనిపిస్తే చెక్ ఇన్ తెరిచిన వెంటనే ఆ సీటు కాకుండా వేరేది తీసుకోండి.