నియంత వస్తున్నాడని చెప్పినా ఓటరు కదలడం లేదా?

"ఈయన గెలిస్తే ప్రజాస్వామ్యం పోతుంది" అని మీరు నిజంగా బాధపడుతూ చెబుతారు. గుమ్మంలో నిలబడ్డ మనిషి మర్యాదగా తలూపి, తలుపేసుకుంటారు. మీ మాటలో అబద్ధం లేదు. అయినా ఎందుకు ఎక్కడం లేదో చూద్దాం.

సమస్య: "పోయినసారీ ఇదే అన్నారుగా!"

కారణం: ప్రతి ఎన్నికకీ అదే కేక వేస్తే అరిగిపోతుంది. ఫ్రాన్స్‌లో 2002 అధ్యక్ష ఎన్నికలో తీవ్ర మితవాద నాయకుడు జాన్ మారీ లె పెన్ రెండో రౌండ్‌కి వచ్చేసరికి జనం ఉలిక్కిపడి అప్పటి అధ్యక్షుడు షిరాక్‌కి 82 శాతం ఓట్లేశారు. ఆయన కూతురు మరీన్‌కి 2017లో దాదాపు 34 శాతం, 2022లో 41 శాతం పైగా వచ్చాయి. ఆమె పార్టీ రూపు మార్చుకుంది, నిజమే. కానీ భయం కూడా పల్చబడింది. అమెరికాలో 2024లో చిక్కు ఇంకా పెద్దది. ట్రంప్ పాలనలో అప్పటికే నాలుగేళ్లు గడిపినవాళ్లకి ఆయన గురించి హెచ్చరించాల్సి వచ్చింది. చాలామందికి గుర్తున్నది అప్పటి తక్కువ ధరలు.

పరిష్కారం: "నియంత" అనే మాట పక్కనపెట్టి, రుజువున్న ఒక్క సంగతి చెప్పండి. 2020 ఎన్నికలో ఓడిపోయాక, 2021 జనవరి 2న, ట్రంప్ జార్జియా ఎన్నికల అధికారికి ఫోన్ చేసి 11,780 ఓట్లు వెతకమన్నారు. ఆ అధికారి ఆయన పార్టీ మనిషే, అయినా ఒప్పుకోలేదు. ఇంతే చెప్పి ఆగండి. మిగతాది వినేవాళ్లే ఆలోచించుకుంటారు.

సమస్య: ఒప్పుకుంటారు, మళ్లీ ఆయనకే వేస్తారు

అన్నిట్లోకీ మొండిది ఇదే. మాథ్యూ గ్రాహం, మిలన్ స్వోలిక్ అనే పరిశోధకులు 2020లో అమెరికా ఓటర్ల మీద ప్రచురించిన అధ్యయనంలో, తమ అభ్యర్థి ప్రజాస్వామ్యానికి విరుద్ధంగా నడిచాడని ఓటు మార్చుకునేవాళ్లు సుమారు 3.5 శాతమే అని తేలింది. పన్నులు, వలసల విషయంలో తమకి నచ్చిన పార్టీని వదులుకోవాలంటే ఎవరికైనా కష్టమే. పైగా అసలు ప్రమాదం అవతలి పార్టీయే అని వాళ్లూ అంతే గట్టిగా నమ్ముతారు.

పరిష్కారం: పూర్తిగా తీరదు. ఆయన పార్టీలోనే ఆయనకి ఎదురుతిరిగినవాళ్లతో చెప్పిస్తే కొంత నయం అంటారు కానీ, 2024లో ట్రంప్ పార్టీకే చెందిన లిజ్ చీనీ పక్కన నిలబడి ప్రచారం చేసినా ఆయన ప్రత్యర్థి కమలా హ్యారిస్ ఓడిపోయారు. అలాగని ఆ 3.5 శాతాన్ని తీసిపారేయకండి, గట్టి పోటీలో అంతకంటే తక్కువ తేడాతోనే ఫలితం తేలుతుంది. దయచేసి ఆయనకి ఓటేసినవాళ్లని మాత్రం తిట్టకండి. తిట్టు తిన్నవాళ్లు మీ మాట వినరు.

సమస్య: భయపడ్డారు, కానీ ఓటుకే రాలేదు

కారణం: భయం ఎక్కువైతే "ఇంకేం చేసినా లాభం లేదు" అనిపిస్తుంది.

పరిష్కారం: 1988లో చిలీ చూపించింది. సైనిక నియంత పినోచెట్ కొనసాగాలా వద్దా అన్న ఓటింగ్‌కి ముందు, "వద్దు" పక్షానికి టీవీలో రోజుకి 15 నిమిషాలు దొరికాయి. చిత్రహింసల గురించి చెప్పారు, దాచలేదు. కానీ వాళ్ల గుర్తు ఇంద్రధనుస్సు, నినాదం "సంతోషం వస్తోంది". ఒక ప్రకటనలో ఒక ముసలావిడ దుకాణంలో చిల్లర చూసుకుని ఒకే ఒక్క టీ బ్యాగ్ కొనుక్కుంటుంది. అక్టోబర్ 5న దాదాపు 56 శాతం మంది వద్దన్నారు.

మీ పక్షం గెలిస్తే ఆ ముసలావిడకి ఏం మారుతుంది? దానికి జవాబు సిద్ధం చేసుకుని తర్వాతి తలుపు తట్టండి.