ఎన్‌సీసీ యూనిఫాంలో బ్యాడ్జీలు ఎలా పెట్టుకోవాలంటే

స్కూల్లో కొత్తగా ఎన్‌సీసీలో (నేషనల్ క్యాడెట్ కోర్) చేరిన పిల్లలు, ముందు ఎన్‌సీసీ క్రెస్ట్‌ని, అంటే దాని చిహ్నాన్ని, ఒకసారి బాగా చూడండి. మధ్యలో ఎన్‌సీసీ అక్షరాలు, చుట్టూ తామరపూల దండ, వెనక ఎరుపు, ముదురు నీలం, లేత నీలం. ఎరుపు ఆర్మీకి, ముదురు నీలం నేవీకి, లేత నీలం ఎయిర్‌ఫోర్స్‌కి. తామరలు పదిహేడు, దేశంలో ఉన్న 17 డైరెక్టరేట్లకి (ప్రాంతాలవారీ ఎన్‌సీసీ విభాగాలకి) గుర్తు, అందులో మన ఆంధ్రా తెలంగాణ రెండూ కలిపి ఒకటే డైరెక్టరేట్. 1948లో మొదలైన సంస్థ ఇది, కింద ఉన్న మాట ఏకతా, అనుశాసనం, అంటే అందరూ ఒక్కటిగా, క్రమశిక్షణతో.

ఇక పెట్టుకోవడం. బెరెట్ (మెత్తటి గుండ్రటి టోపీ) తలకి అడ్డంగా సమానంగా పెట్టి, బ్యాడ్జి ఎడమ కన్ను పైకి వచ్చేలా చూసుకుని మిగతా బట్టని కుడివైపుకి లాగి చెవి మీదకి నొక్కండి, చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, టోపీ వెనక్కి జారిపోయి గిన్నె బోర్లించినట్టు ఉంటుంది. కొత్త బెరెట్ అయితే తడిపి తలమీదే ఆరనిస్తే షేప్ వస్తుంది. నేమ్‌ప్లేట్ కుడి జేబు పైన, వంకర లేకుండా. ఇత్తడి బ్యాడ్జి పాలిష్ చేసేటప్పుడు వెనక అట్టముక్క పెట్టండి, లేకపోతే బట్టకి మరక పడితే పోదు.

ర్యాంకుకి గీతలు: లాన్స్ కార్పొరల్‌కి ఒకటి, కార్పొరల్‌కి రెండు, సార్జెంట్‌కి మూడు. రాని ర్యాంకు ఫొటో కోసమైనా పెట్టుకోకండి ప్లీజ్, అది కష్టపడి తెచ్చుకున్నవాళ్ళది.