వీడియో కెమెరాలో వేరియబుల్ ఫ్రేమ్ రేటు ఎలా సెట్ చేసుకోవాలి?

ప్రొఫెషనల్ కెమెరాలో ఫ్రేమ్ రేట్లు రెండుంటాయి. సెన్సర్ (వెలుతురును బొమ్మగా పట్టే చిప్పు) సెకనుకు ఎన్ని ఫ్రేములు (విడి బొమ్మలు) తీస్తుందన్నది ఒకటి. తీసిన క్లిప్పు సెకనుకు ఎన్ని ఫ్రేముల చొప్పున ఆడుతుందన్నది రెండోది. మామూలు షూటింగులో రెండూ సమానమే కాబట్టి ఆ తేడా మనకు కనిపించదు. వేరియబుల్ ఫ్రేమ్ రేటు (వీఎఫ్ఆర్) ఈ రెంటినీ విడదీస్తుంది. సెన్సర్ 100 ఫ్రేములు తీసి, క్లిప్పు 25 చొప్పున ఆడితే కదలిక నాలుగింతలు నెమ్మదిస్తుంది. సెన్సర్ 12 తీసి, క్లిప్పు 24 చొప్పున ఆడితే రెండింతలు వేగమవుతుంది.

ఫోన్ వీడియోల విషయంలోనూ వీఎఫ్ఆర్ అనే మాట వినిపిస్తుంది. అక్కడ ఫ్రేముల మధ్య వ్యవధి దానంతటదే మారుతూ ఉంటుంది, ఎడిటింగులో శబ్దం జారిపోతుంది. ఇక్కడ చెప్పుకునేది అది కాదు. ఇది మనం కావాలని పెట్టుకునే వేగం.

1. ముందు ప్రాజెక్టు ఫ్రేమ్ రేటు

సినిమాకైతే 24 లేదా 23.98, టీవీకైతే ప్రాంతాన్ని బట్టి 25 లేదా 29.97. ఎడిటింగ్ టైమ్‌లైన్ ఏ రేటులో ఉంటుందో ఇక్కడా అదే పెట్టాలి. చాలా కెమెరాల్లో 50 హెర్ట్జ్, 59.94 హెర్ట్జ్ అనే సిస్టమ్ ఫ్రీక్వెన్సీ సెట్టింగు వేరుగా ఉంటుంది. అది మారిస్తే కెమెరా రీస్టార్ట్ కావొచ్చు. అందుకే ఈ పని షూటింగుకు ముందే ముగించండి.

2. సెన్సర్ ఎన్ని ఫ్రేములు తీయాలి?

చాలామంది నేరుగా కెమెరాలో ఉన్న అతిపెద్ద అంకెకు వెళ్లిపోతారు. అది సరైన పద్ధతి కాదని నా నమ్మకం. షాట్ తెరమీద ఎంతసేపు నిలవాలో ముందు తేల్చుకోండి. ఒక అల విరిగి పడటానికి 2 సెకన్లు పడుతుందనుకుందాం. తెరమీద అది 8 సెకన్లు కనిపించాలి. 25 ఫ్రేముల ప్రాజెక్టులో 8 సెకన్లంటే 200 ఫ్రేములు. వాటిని 2 సెకన్లలో తీయాలి కనుక సెన్సర్ రేటు 100. అదే అలను 200లో తీస్తే షాట్ 16 సెకన్లు సాగుతుంది. అంతసేపు చూడటానికి అందులో ఏముందో ఆలోచించుకోవాలి.

మనిషి నడకకు, జుట్టు ఎగరడానికి 48 నుంచి 60 వరకు చాలు. నీటి తుంపరలు, పగిలే గాజు లాంటి క్షణాల్లో జరిగిపోయే వాటికే 120, ఆపైన అవసరం. 24 ప్రాజెక్టులో 28, 30 లాంటి చిన్న మార్పును కూడా తక్కువగా చూడొద్దు. స్లో మోషన్ అని ఎవరికీ తట్టకుండానే నడకకు ఒక బరువు వస్తుంది. ఫైట్ షాట్లకు 22 పెడితే దెబ్బ చురుగ్గా పడుతుంది. మబ్బుల కదలికకు సెకనుకు 1 ఫ్రేము చాలు. పది నిమిషాలు తీస్తే 600 ఫ్రేములు, 25 ప్రాజెక్టులో 24 సెకన్ల షాట్.

3. మెనూలో ఎక్కడుంటుంది?

సోనీలో ఎస్ అండ్ క్యూ, కెనాన్‌లో స్లో అండ్ ఫాస్ట్ మోషన్, బ్లాక్‌మ్యాజిక్‌లో ఆఫ్ స్పీడ్ రికార్డింగ్, పానాసోనిక్‌లో వీఎఫ్ఆర్ అని ఉంటుంది. ప్రాజెక్టు రేటును ముట్టుకోకుండా సెన్సర్ రేటు ఒక్కటే మార్చండి. ఎన్ని ఫ్రేముల దాకా వెళ్లొచ్చన్నది రిజల్యూషన్‌ను, కోడెక్‌ను (వీడియోను కుదించి భద్రపరిచే పద్ధతి) బట్టి ఉంటుంది. కావలసిన అంకె మెనూలో కనిపించకపోతే ముందు ఆ రెంటినీ మార్చి చూడండి.

4. షట్టర్, వెలుతురు

షట్టర్‌ను వేగంలో కాకుండా యాంగిల్‌లో పెట్టుకోవడం మేలు. 360 డిగ్రీలంటే ఒక ఫ్రేముకు దక్కే సమయమంతా సెన్సర్ మీద వెలుతురు పడుతుంది, 180 అంటే అందులో సగం. 180 డిగ్రీలు పెడితే ఫ్రేమ్ రేటు మారినప్పుడల్లా షట్టర్ వేగం దానంతటదే సర్దుకుంటుంది. 25 దగ్గర సెకనులో 50వ వంతు, 100 దగ్గర 200వ వంతు. అంటే ఒక్కో ఫ్రేముకు దక్కే వెలుతురు నాలుగో వంతుకు పడిపోయింది, రెండు స్టాపుల నష్టం (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది). ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురు తగ్గించే గాజు) ఉంటే ముందు దాన్ని తగ్గించండి. తర్వాత లైట్లు పెంచండి, లేదా ఎపర్చర్ (వెలుతురు వచ్చే లెన్స్ రంధ్రం) 5.6 నుంచి 2.8కి తెరవండి. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచడం చివరి మార్గం. దాంతో వచ్చే నాయిస్ (బొమ్మలో గింజల్లాంటి మచ్చలు) కూడా స్లో మోషన్‌లో తీరిగ్గా కళ్లబడుతుంది.

5. ఫ్లికర్

ఇండోర్ షూటింగులో ఎక్కువ షాట్లు పాడయ్యేది ఫ్లికర్ వల్లే, అంటే క్లిప్పులో వెలుతురు మినుకడం వల్లే. 50 హెర్ట్జ్ కరెంటు మీద వెలిగే లైట్లు సెకనుకు 100 సార్లు వెలుతురు పెంచి తగ్గిస్తాయి. మన కంటికి తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది. ఎక్స్‌పోజర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం) సెకనులో 100వ వంతు గానీ 50వ వంతు గానీ ఉంటే ప్రతి ఫ్రేములోకీ పూర్తి చక్రాలు వస్తాయి, వెలుతురు నిలకడగా ఉంటుంది. కాబట్టి అక్కడ 100 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్ 360 డిగ్రీలు పెట్టండి. బ్లర్ కాస్త ఎక్కువవుతుంది, ఒక స్టాప్ వెలుతురు తిరిగొస్తుంది. 100 దాటితే ఒక్కో ఫ్రేముకు అంత సమయమే ఉండదు, కాబట్టి ఆ ఉపాయం పనిచేయదు. 60 హెర్ట్జ్ ప్రాంతాల్లో లెక్క 120వ వంతు, 60వ వంతు. ఎల్ఈడీ లైట్ల సంగతి వేరు. డిమ్మర్ తగ్గించినప్పుడు కొన్ని బాగా మినుకుతాయి. వాటిని పూర్తిగా పెంచి, దూరం జరిపి వాడండి. ఎండలో ఈ బాధ లేదు.

కంటితో మానిటర్ చూసి సరేననుకోవద్దు. పది సెకన్లు రికార్డు చేసి, కెమెరాలోనే ప్లే చేసి, వెనకనున్న గోడను గమనించండి. వెలుతురు అలలా కొట్టుకుంటుంటే షట్టర్ మార్చి మళ్లీ తీయండి.

6. రికార్డు నొక్కేముందు

కొన్ని కెమెరాలు ఎక్కువ రేట్లలో సెన్సర్ మధ్య భాగాన్నే వాడతాయి. దాంతో ఫ్రేము బిగుసుకుపోతుంది, ఇంకా వైడ్ లెన్స్ కావాలి. ఆటోఫోకస్ పనిచేస్తోందో లేదో కూడా చూసుకోండి. 25 ప్రాజెక్టులో సెకనుకు 100 ఫ్రేములు తీస్తే ఒక్క సెకను షూటింగుకు నాలుగు సెకన్ల డేటా కార్డు మీద పడుతుంది కాబట్టి వేగవంతమైన కార్డు ఉండాలి, ఖాళీ కూడా అంతే ఉండాలి. టైమ్‌కోడ్‌ను (ప్రతి ఫ్రేముకు పడే సమయపు అంకె) రెక్ రన్‌లో, అంటే రికార్డు చేస్తున్నప్పుడు మాత్రమే నడిచేలా, పెట్టండి.

శబ్దం మాత్రం చాలా కెమెరాల్లో ఈ మోడ్‌లో అసలు రికార్డు కాదు. అందువల్ల స్లో మోషన్ ఆన్, ఆఫ్ చేయడానికి ఒక అసైన్ బటన్ కేటాయించుకుని, షాట్ ముగియగానే మామూలు మోడ్‌లోకి వచ్చేయండి. ఆ తర్వాతి షాట్ ఇంటర్వ్యూ అయితే ఈ అలవాటే దాన్ని కాపాడుతుంది.

7. ఎడిటింగులో

ఇలా తీసిన క్లిప్పు కార్డు మీదే నెమ్మదిగా ఉంటుంది. టైమ్‌లైన్ మీద మళ్లీ వేగం తగ్గిస్తే ఉన్న ఫ్రేములే రెండేసిసార్లు కనిపించి కదలిక తడబడుతుంది. షాట్‌లో ఒక భాగం అసలు వేగంతో కావాలంటే సెకనుకు 100 ఫ్రేములు తీసి 25లో ఆడే క్లిప్పుకు వేగం 400 శాతం పెట్టండి.