రీకన్‌స్ట్రక్షన్ నుంచి జిమ్ క్రో దాకా పిల్లలకి చెప్పాలంటే లూసియానా ఒక్కటి పట్టుకోండి

ఇక్కడ అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న మనవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ చాప్టర్ తగులుతుంది: రీకన్‌స్ట్రక్షన్ అంటే సివిల్ వార్ తర్వాత దక్షిణాదిని మళ్ళీ దేశంలో కలుపుకుని నల్లవాళ్ళకి హక్కులిచ్చిన కాలం, జిమ్ క్రో అంటే ఆ తర్వాత నల్లవాళ్ళని వేరుపెట్టిన చట్టాలు. సివిల్ వార్ అయిపోయింది, బానిసత్వం పోయింది, రాజ్యాంగానికి 13, 14, 15 సవరణలు (బానిసత్వం రద్దు, పౌరసత్వం-సమాన రక్షణ, రంగు చూడకుండా ఓటు) వచ్చాయి, పేజీ తిప్పేసరికి రైళ్ళలో నల్లవాళ్ళకి వేరే పెట్టె! మధ్యలో ఏం జరిగిందో మనకీ తెలీదు, మనం చదువుకుంది పానిపట్టు యుద్ధాలు కదా. పోయినేడు టెస్ట్ ముందురోజు రాత్రి మా అమ్మాయి అడిగింది, "నాన్నా, 1877లో రీకన్‌స్ట్రక్షన్ అయిపోతే ప్లెస్సీ కేసు 1896లో ఏంటి, ఆ 19 ఏళ్ళు ఏం చేశారు అందరూ?" అని. రైళ్ళలో వేరు పెట్టెలు తప్పుకాదని సుప్రీంకోర్టు చెప్పిన కేసు అది. నేను నీళ్ళు నమిలా. తర్వాత కూర్చుని చదివి, నాకు పనికొచ్చిన పద్ధతి రాస్తున్నా.

ముందు, దక్షిణాది రాష్ట్రాలన్నీ ఒకేసారి నెత్తికెత్తుకోకండి. లూసియానా చాలు, దాదాపు కథంతా అక్కడే దొరుకుతుంది.

పోయినదాని గురించి చెప్పేముందు ఏముండేదో చెప్పండి. చాలామంది ఇదే వదిలేస్తారు. 1868 రాష్ట్ర రాజ్యాంగం నల్లజాతి మగవాళ్ళకి ఓటు ఇచ్చింది, పబ్లిక్ స్కూళ్ళలో రంగు చూడకూడదంది, న్యూ ఆర్లీన్స్‌లో కొన్ని స్కూళ్ళలో తెల్ల పిల్లలు, నల్ల పిల్లలు నిజంగానే కలిసి చదివారు. 1872 చివర్లో పించ్‌బ్యాక్ అనే నల్లజాతి నాయకుడు కొన్ని వారాలు గవర్నర్‌గా కూడా చేశాడు. ఇది చెప్పకపోతే పిల్లలు 'మొదట్నుంచీ అంతేలే' అనుకుంటారు.

ఇప్పుడు ఒక పేపర్ మీద రెండు గళ్ళు గీయండి. ఎడమ పక్క లూసియానాలో ఏం జరిగిందో, కుడి పక్క దానికి వాషింగ్టన్ ఏం చేసిందో రాయించండి. ఎడమ పక్క 1873 ఏప్రిల్ 13, ఈస్టర్ ఆదివారం, కోల్‌ఫాక్స్ ఊళ్ళో కోర్టు బిల్డింగ్ దగ్గర తెల్లవాళ్ళ సాయుధ గుంపు నల్లవాళ్ళని పదుల సంఖ్యలో చంపేసింది, లొంగిపోయినవాళ్ళని కూడా. కుడి పక్క 1876, క్రూక్‌షాంక్ కేసు, ఆ గుంపులో శిక్షపడ్డ ముగ్గురినీ సుప్రీంకోర్టు వదిలేసింది, ఎందుకంటే 14వ సవరణ ప్రభుత్వాలకే వర్తిస్తుందట, మామూలు మనుషులకి కాదట. మా అమ్మాయికి ఇలా చెప్పా: పక్కింటివాడు కొడితే వెళ్ళి రాష్ట్ర ప్రభుత్వానికే చెప్పుకోమన్నారు, ఆ ప్రభుత్వం పక్కింటివాడి చేతుల్లోకే పోతోందని మాత్రం పట్టించుకోలేదు. 1874 సెప్టెంబర్‌లో వైట్ లీగ్ అనే తెల్లవాళ్ళ సాయుధ దళం వాళ్ళు న్యూ ఆర్లీన్స్‌నే మూడు రోజులు ఆక్రమించారు, అప్పటికింకా ఫెడరల్ సైన్యం వచ్చింది కాబట్టి వెనక్కి తగ్గారు.

తర్వాత ఆ సైన్యమే పక్కకి తప్పుకుంది. 1876 ప్రెసిడెంట్ ఎన్నికలో 20 ఎలక్టోరల్ ఓట్లు తగాదాలో పడ్డాయి, కాంగ్రెస్ వేసిన కమిషన్ 8-7తో అన్నీ రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌కే ఇచ్చింది, ఆయన గెలిచి 1877 ఏప్రిల్‌లో న్యూ ఆర్లీన్స్ సైనికుల్ని బ్యారక్‌లకి పంపేశాడు. దాంతో గవర్నర్ కుర్చీ కోసం పోటీపడుతున్న ఇద్దరిలో డెమొక్రాట్ (అప్పట్లో దక్షిణాది తెల్లవాళ్ళ పార్టీ) ఫ్రాన్సిస్ నికల్స్‌కి దారి తేలికైపోయింది.

ఇక్కడ్నుంచి ఈ నికల్స్ వెనకాలే వెళ్ళండి, తేదీలు బట్టీపట్టడం కంటే ఇది బాగా గుర్తుంటుంది. 1877లో నల్లవాళ్ళ హక్కులు కాపాడతానని మాటిచ్చి కూర్చున్నాడు. 1890లో మళ్ళీ గవర్నర్‌గా ఉన్నప్పుడు రైళ్ళలో వేరు పెట్టెల చట్టం మీద సంతకం పెట్టింది ఈయనే. 1892లో ప్లెస్సీ కేసు రాష్ట్ర సుప్రీంకోర్టుకి వెళ్ళేసరికి అక్కడ చీఫ్ జస్టిస్ కూడా ఈయనే! కంచే చేను మేయడం అంటే ఇదే.

మరి ఆ 19 ఏళ్ళు? పోరాడుతున్నారు. నల్లవాళ్ళు ఇంకా ఓటేస్తున్నారు, 1890లో అసెంబ్లీలో ఉన్న నల్లజాతి సభ్యులు ఆ బిల్లుని వ్యతిరేకించి ఓడిపోయారు. ప్లెస్సీ ఏదో పొరపాటున తెల్లవాళ్ళ పెట్టెలో కూర్చున్నాడనుకుంటారు చాలామంది, కాదు, న్యూ ఆర్లీన్స్‌లో ఒక పౌరుల కమిటీ ప్లాన్ చేసి పెట్టిన కేసు అది. చెప్పులు కుట్టే హోమర్ ప్లెస్సీ, పూర్వీకుల్లో ఎనిమిదింట ఒక వంతే నల్లజాతి, చూస్తే తెల్లవాడే అనుకుంటారు. రైల్వే కంపెనీకి కూడా ముందే తెలుసు, వేరే పెట్టెలు తగిలించడం వాళ్ళకీ ఖర్చే మరి. 1896లో అమెరికా సుప్రీంకోర్టులో 7-1తో ఓడిపోయాడు, ఒప్పుకోనిది జస్టిస్ హార్లాన్ ఒక్కడే.

చివర్లో పిల్లలకి ఒక పని ఇవ్వండి. 1898 లూసియానా రాజ్యాంగం ఓటుకి చదువో ఆస్తో ఉండాలంది, కానీ నువ్వో మీ నాన్నో మీ తాతో 1867 జనవరి 1 నాటికి ఓటరైతే అక్కర్లేదంది. ఎక్కడా రంగు మాటే లేదు. 1896లో రిజిస్టరైన నల్లజాతి ఓటర్లు 1,30,334, 1900కి 5,320. ఆ తేదీయే ఎందుకని అడగండి, జవాబు మీరు చెప్పకండి, 1867 మార్చిలో కాంగ్రెస్ ఏం చట్టం చేసిందో చూసుకోమనండి. మా అమ్మాయి రెండు నిమిషాల్లో పట్టేసింది, "అంటే నల్లవాళ్ళకి ఓటు రాకముందు తేదీ వెతికి పెట్టారా నాన్నా" అంది.