సన్నటి ఎన్‌గ్రేవింగ్, మందపాటి ప్లైవుడ్, ఒకే లేజర్ కట్టర్: సమస్యలు - పరిష్కారాలు

"ఎన్ని వాట్లది తీసుకోమంటారు?" లేజర్ కట్టర్ కొనబోయేవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఇదే. ప్లైవుడ్ కోయడం ఒక్కటే పనైతే ఆ ప్రశ్న చాలు. అదే మెషీన్ మీద 2 మి.మీ. ఎత్తున్న అక్షరాలు కూడా స్పష్టంగా పడాలంటే వాట్ల లెక్క ఒక్కటే చూసుకుని కొంటే దెబ్బ తింటాం. సన్నటి గీతకు చిన్న చుక్క కావాలి, తక్కువ పవర్ దగ్గర ట్యూబ్ (కిరణం పుట్టే గొట్టం) నిలకడగా వెలగాలి. మందపాటి చెక్కకేమో కింది పొర దాకా చెదరని కిరణం, గట్టి గాలి కావాలి. ఈ రెండూ ఒకే అమరికలో కుదరవు. కాబట్టి అమరిక తేలిగ్గా మార్చుకోనిచ్చే మెషీన్ కోసం వెతకాలి. ఇప్పుడున్న మెషీన్‌లోనో, అమ్మేవాళ్లు చేతికిచ్చిన శాంపిల్ ముక్కలోనో ఏ లోపం కనిపిస్తుందో చూస్తే ఏం మార్చుకోవాలో, ఏం కొనాలో తెలిసిపోతుంది.

ప్లైవుడ్ తెగుతోంది, చిన్న అక్షరాలు మాత్రం అలుక్కుపోతున్నాయి

చాలామంది దీన్ని సాఫ్ట్‌వేర్ సెట్టింగుల తప్పనుకుంటారు. నేను ముందు అనుమానించేది మాత్రం లెన్స్‌నే.

కార్బన్ డయాక్సైడ్ వాయువుతో కిరణం పుట్టించే సీవో2 లేజర్ తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. లెన్స్‌కు చెప్పే అంగుళాలు దాని వెడల్పు కాదు, కిరణం చుక్కగా పోగయ్యే దూరం. 6 మి.మీ. వెడల్పున్న కిరణం లెన్స్‌లోకి వస్తే, లెక్క ప్రకారం 1.5 అంగుళాల లెన్స్ దాన్ని సుమారు 0.09 మి.మీ. చుక్కగా, 2 అంగుళాల లెన్స్ 0.11 మి.మీ. చుక్కగా, 4 అంగుళాల లెన్స్ 0.23 మి.మీ. చుక్కగా మారుస్తాయి. నిజమైన మెషీన్ మీద ఇంకాస్త పెద్దదే పడుతుంది. అంటే 4 అంగుళాల లెన్స్ పెట్టి చిన్న అక్షరం చెక్కితే, "అ"లో మెలిక, "ఠ"లో చుక్క లాంటివి పూడుకుపోవడం ఖాయం. ఏ సెట్టింగూ దాన్ని బాగుచెయ్యలేదు. ఎన్‌గ్రేవింగ్‌కు 1.5 లేదా 2 అంగుళాల లెన్స్ పెట్టుకోవాలి.

సరైన లెన్స్ ఉండి కూడా అలుక్కుపోతుంటే ఫోకస్ చూడాలి. ఒక చదునైన చెక్కపట్టీని ఒక కొస కింద దిమ్మ పెట్టి ఏటవాలుగా నిలబెట్టండి. దాని పొడవునా తక్కువ పవర్‌తో ఒకే గీత గీయించండి. గీత ఒక చివర వెడల్పుగా, మసకగా మొదలై, పోనుపోను సన్నబడి, ఒకచోట వెంట్రుకంత అయి, మళ్లీ వెడల్పవుతుంది. ఆ సన్నటి చోటికి, నాజిల్ (లెన్స్ కింద కిరణం బయటికొచ్చే మూతి) కొనకు మధ్య ఎంత ఎత్తుందో కొలవండి. అదే మీ లెన్స్ అసలు ఫోకస్. అదే ఎత్తుకు ఒక యాక్రిలిక్ ముక్క కోసి దగ్గర పెట్టుకుంటే, ప్రతిసారీ దాన్ని గేజ్‌లా నాజిల్‌కు, చెక్కకు మధ్య ఆనించి బెడ్ (చెక్క పెట్టే బల్ల) ఎత్తు సరిచేసుకోవచ్చు. మెషీన్‌తో వచ్చే గేజ్‌ను నమ్మే ముందు ఒకసారైనా ఈ పరీక్ష చెయ్యడం మంచిది. లెన్స్ మార్చిన ప్రతిసారీ కొత్త గేజ్ కావాలని మర్చిపోవద్దు.

లెన్స్ తుడిచాక తిరగేసి బిగించినా ఇదే లక్షణం వస్తుంది. ఉబ్బెత్తు వైపు పైకి, చదును వైపు చెక్కకు ఎదురుగా ఉండాలి.

ఇక డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు. చుక్క 0.1 మి.మీ. అయితే అంగుళంలో పక్కపక్కన పట్టేవి 254 చుక్కలే. 600 పెడితే కొత్త వివరమేమీ రాదు. ఒకే చోట రెండుమూడుసార్లు కాలి గాడి లోతవుతుంది, అంచులు మాడతాయి. చెక్క మీద 250 నుంచి 300 దాకా చాలు.

కొనేటప్పుడు: లెన్స్ గొట్టం పనిముట్లు లేకుండా విప్పి మార్చుకోవచ్చా అని అడగండి. 4 అంగుళాల లెన్స్ పెట్టాలంటే బెడ్ మరో 50 మి.మీ. కిందికి దిగాలి. ఆ చోటు లేని మెషీన్‌కు పొడుగు లెన్స్ ఉందని చెప్పినా ఉపయోగం లేదు.

ఎన్‌గ్రేవింగ్ బాగుంది, మందపాటి ప్లైవుడ్ మాత్రం కింద దాకా తెగట్లేదు

ఇక్కడ వెంటనే పవర్ పెంచేస్తారు. అంతకన్నా ముందు ముక్కను విరిచి, తెగిన అంచును వెలుతురులో పెట్టి చూడండి. కారణం చాలావరకు అందులోనే కనిపిస్తుంది.

పై సగం లేత గోధుమరంగులో నున్నగా ఉండి, కింది సగం నల్లగా, వెడల్పుగా విచ్చుకుని ఉంటే లెన్స్ పొట్టిదైందని అర్థం. లెన్స్ కిరణాన్ని ఎంత చిన్న చుక్కగా పోగుచేస్తే, ఆ చోటు దాటాక అది అంత త్వరగా విచ్చుకుంటుంది. కిరణం వెడల్పు మారకపోతే, 2 అంగుళాల లెన్స్ కన్నా 4 అంగుళాల లెన్స్‌తో ఫోకస్ నిలిచే లోతు నాలుగు రెట్లు. 6 మి.మీ. దాకా 2 అంగుళాలతో నెట్టుకురావచ్చు. 10 మి.మీ. పైన పొడుగు లెన్స్ ఉంటే పనిలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఏ లెన్స్ అయినా మందపాటి చెక్క కోసేటప్పుడు ఫోకస్‌ను పై ఉపరితలం మీద కాకుండా మందంలో మూడో వంతు నుంచి సగం లోపలికి దించండి.

అంచు పొడవునా బాగానే ఉండి, అక్కడక్కడా చిన్న చిన్న చోట్ల తెగకుండా పట్టుకుంటే తప్పు మెషీన్‌ది కాదు, ప్లైవుడ్‌ది. లోపలి పొరల్లో ముడులుంటాయి, ఖాళీలుంటాయి, వాటిలో నింపిన పుట్టీ ఉంటుంది. నీటికి తట్టుకునే రకాల్లో వాడే ఫినాలిక్ జిగురు లేజర్‌కు మొండిగా ఎదురు నిలిచి బొగ్గవుతుంది. అంచులో నల్లటి సన్న గీతలుగా కనిపించేది ఆ జిగురే. అనుమానం ఉంటే అంతే మందమున్న యాక్రిలిక్ ముక్కను కోసి చూడండి. అది శుభ్రంగా తెగితే మెషీన్‌ను వదిలేసి షీటు మార్చండి. లేజర్ కోసమని అమ్మే బర్చ్, పాప్లర్, బాస్‌వుడ్ ప్లైవుడ్‌ల ధర ఎక్కువైనా పాడయ్యే ముక్కలు తగ్గుతాయి. షీట్లను పొడి చోట, చదునుగా పడుకోబెట్టి దాచాలి. చెమ్మ పట్టిన చెక్కలో సగం శక్తి నీటిని ఆవిరి చెయ్యడానికే పోతుంది అనిపించేంత తేడా ఉంటుంది.

బెడ్ మీద ఒక మూల బాగా తెగి, ట్యూబ్‌కు దూరంగా ఉన్న మూల తెగకపోతే అద్దాల అమరిక జారింది. హెడ్ (లెన్స్‌తో బెడ్ మీద కదిలే భాగం) మీది అద్దం ముందు మాస్కింగ్ టేప్ అంటించి, నాలుగు మూలలకూ తీసుకెళ్లి ఒక్కో చిన్న పల్స్ ఇవ్వండి. నాలుగు మచ్చలూ ఒకే చోట పడాలి. పడకపోతే మొదటి అద్దం నుంచి వరసగా సరిచేసుకుంటూ రావాలి. మధ్యలో ఉన్నదాన్ని తిప్పితే పని రెట్టింపవుతుంది. మూత తీసి ఉండగా పల్స్ ఇవ్వొద్దు.

పొద్దున బాగా తెగి, గంట గడిచాక తెగకపోతే నీళ్లు వేడెక్కాయి. గాజు ట్యూబ్‌కు 15 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ మధ్య నీళ్లు కావాలి. బకెట్, పంపు పెట్టి నడిపే మెషీన్ ఎక్కువసేపు మందపాటి చెక్క కోయలేదు. నీటిని నిజంగా చల్లబరిచే చిల్లర్ ఉండాలి. కేవలం ఫ్యాన్ ఉన్నది గది వేడి కన్నా కిందికి దించలేదు. అలాగని మరీ చల్లగా పెడితే ట్యూబ్ మీద చెమ్మ పట్టి ప్రమాదం.

రోజురోజుకూ కొద్దికొద్దిగా బలం తగ్గుతుంటే ముందు లెన్స్, అద్దాలు తుడవండి. ప్లైవుడ్ పొగలోని జిగురు లెన్స్ మీద పసుపు పొరలా పేరుకుంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన లెన్స్ కాగితాన్ని ఒత్తకుండా ఒకసారి లాగితే చాలు. లెన్స్ జింక్ సెలెనైడ్‌తో చేసింది, అది విషపదార్థం. పగిలినా, గీతలు పడినా ముక్కలను ఒట్టిచేత్తో ముట్టుకోకుండా పక్కన పెట్టండి. ఇవన్నీ చేశాక కూడా బలం రాకపోతే ట్యూబ్ వయసైపోయిందనుకోవాలి. అప్పుడు కరెంటు పెంచి దానితో పని లాగితే మరింత త్వరగా పోతుంది.

వాట్ల మాట ఇక్కడ వస్తుంది. 80 వాట్ల గాజు ట్యూబ్ 6 మి.మీ. ప్లైవుడ్‌ను ఒక్క పాస్‌లో, అంటే గీత మీద ఒక్కసారి పోయి, హాయిగా కోస్తుంది. తరచూ 10-12 మి.మీ. కోయాలంటే 100 నుంచి 130 వాట్లు చూడండి. 18 మి.మీ. రోజూ కోయాల్సి వస్తే రౌటర్ (తిరిగే బిట్‌తో చెక్క కోసే మెషీన్) కొనుక్కోమనే చెబుతాను. లేజర్‌తో అంత మందం కోయడం కన్నా కాల్చడమే ఎక్కువ.

పవర్ తగ్గిస్తే గీత పడీపడనట్టు, మచ్చలుగా వస్తోంది

వాట్లు ఎక్కువ కొనుక్కున్నవాళ్లకు ఎదురయ్యే సమస్య ఇది. గాజు ట్యూబ్ సాధారణంగా పది పదిహేను శాతం కన్నా కింద నిలకడగా వెలగదు. 60 వాట్ల ట్యూబ్‌లో పది శాతం 6 వాట్లు, 130 వాట్ల ట్యూబ్‌లో 13 వాట్లు. లేత షేడు కావాల్సిన చోట ఆ 13 వాట్లే ఎక్కువ. పరిష్కారం పవర్‌ను ఇంకా తగ్గించడం కాదు, ట్యూబ్ నిలకడగా వెలిగే చోట పవర్ ఉంచి వేగం పెంచడం. ఆ వేగానికి హెడ్ తట్టుకోగలగాలి. ఫొటోలు చెక్కేటప్పుడు గ్రేస్కేల్ (పవర్ మార్చి షేడ్లు తెచ్చే పద్ధతి) వదిలేసి డిథరింగ్ (చుక్కల దట్టంతో షేడ్లు తెచ్చే పద్ధతి) వాడితే ట్యూబ్‌కు వెలగడం, ఆరడం తప్ప మధ్యస్థాయి అక్కర్లేదు.

ఫొటోలు, సన్నటి గీతలే మీ ప్రధాన సంపాదన అయితే ఆర్‌ఎఫ్ ట్యూబ్ (రేడియో ఫ్రీక్వెన్సీ కరెంటుతో వెలిగే సీవో2 ట్యూబ్) వైపు వెళ్లండి. అది తక్కువ పవర్ దగ్గర స్థిరంగా ఉంటుంది, చాలా వేగంగా వెలిగి ఆరుతుంది, గాజు ట్యూబ్ కన్నా ఎక్కువకాలం మన్నుతుంది. ధర మాత్రం బాగా ఎక్కువ. ఒకే గ్యాంట్రీ (హెడ్‌ను కదిలించే ఫ్రేము) మీద ఆర్‌ఎఫ్, గాజు రెండూ ఉన్న మెషీన్లు కూడా దొరుకుతున్నాయి. బడ్జెట్ ఉంటే ఈ రెండు పనులకూ నిజంగా సరిపోయేవి అవే. లేకపోతే 80 నుంచి 100 వాట్ల గాజు ట్యూబ్, రెండు లెన్సులు. చాలామందికి ఇది చాలు.

డయోడ్ లేజర్ చక్కగా చెక్కుతోంది, కోయాలంటే నాలుగైదు పాసులు పడుతోంది

అది దాని స్వభావం. ట్యూబ్ బదులు చిన్న సెమీకండక్టర్ డయోడ్ నుంచి వచ్చే, సుమారు 450 నానోమీటర్ల నీలి కాంతి చిన్న చుక్కగా పోగవుతుంది కాబట్టి చెక్కడం బాగుంటుంది. బలమే తక్కువ. పెట్టె మీద రాసిన వాట్లు కరెంటు తీసుకునే లెక్కా, కిరణంగా బయటికొచ్చే లెక్కా అన్నది తప్పకుండా చూడండి. రెండింటికీ ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. ఎక్కువ వాట్ల మాడ్యూల్‌లో చాలా డయోడ్లను కలిపి ఒక కిరణం చేస్తారు, దాంతో చుక్క కూడా పెద్దదవుతుంది. పారదర్శక యాక్రిలిక్‌ను నీలి కాంతి కోయలేదు, దాటిపోతుంది. 3 మి.మీ. ప్లైవుడ్ దాకా మంచి సహాయకారి, అంతకు మించి మందపాటి పని దాని మీద పెట్టొద్దు. తెరిచి ఉన్న ఫ్రేముతో వచ్చేదైతే ఆ తరంగదైర్ఘ్యానికి చేసిన కళ్లద్దాలు లేకుండా ఆన్ చెయ్యొద్దు.

అంచంతా బొగ్గు, చెక్కిన చోట మసి

రెండూ గాలి సమస్యలే, కానీ ఎదురెదురు సమస్యలు. కోసేటప్పుడు గాలి గట్టిగా ఉంటే మంటను ఆర్పి, కాలిన పొడిని గాడిలోంచి కిందికి తోస్తుంది. చిన్న అక్వేరియం పంపు లాంటిది ఈ పని చెయ్యలేదు, కంప్రెసర్ కావాలి. అదే గాలి ఎన్‌గ్రేవింగ్‌లో మసిని చెక్క నారల్లోకి అదుముతుంది. అక్కడ లెన్స్ మీదికి పొగ రాకుండా ఆపేంత సన్నటి గాలి చాలు. ప్రతి లేయర్‌కు గాలిని సాఫ్ట్‌వేరే మార్చేలా సొలెనాయిడ్ వాల్వులున్న (కరెంటుతో తెరుచుకుని మూసుకునే వాల్వులున్న) మెషీన్ అయితే ఒకే జాబులో రెండూ జరిగిపోతాయి. లేకపోతే చేత్తో తిప్పే వాల్వు ఒకటి పెట్టించుకోండి.

షీటు కింది వైపు మచ్చలు పడుతుంటే అది హనీకోంబ్ (తేనెపట్టులా గళ్లున్న లోహపు బెడ్) నుంచి తిరిగొచ్చిన కిరణం. మందపాటి చెక్కను పిన్నుల మీదో, పలకల బెడ్ మీదో ఎత్తి పెట్టండి. పై ముఖానికి మాస్కింగ్ టేప్ వేస్తే మసి టేపుతోపాటే ఊడొస్తుంది.

మందపాటి ప్లైవుడ్ కోస్తున్నప్పుడు మెషీన్ దగ్గర నుంచి కదలొద్దు. మంట అంటుకోవడానికి కొన్ని సెకన్లు చాలు. పక్కన కార్బన్ డయాక్సైడ్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి, పొగ గొట్టం బయటికి పోవాలి. పీవీసీ ఏ రూపంలో ఉన్నా బెడ్ మీద పెట్టొద్దు. దాని పొగలో వచ్చే హైడ్రోజన్ క్లోరైడ్ ఊపిరితిత్తులనూ మెషీన్‌నూ కూడా తినేస్తుంది.

అక్షరాలకు నీడ, మూలల్లో వణుకు

నీడ పడితే రెండు దిశల్లో చెక్కేటప్పుడు వచ్చే తేడా. సాఫ్ట్‌వేర్‌లో స్కానింగ్ ఆఫ్‌సెట్ (వెళ్లేటప్పటి, వచ్చేటప్పటి గీతలను కలపడానికి జరిపే దూరం) వేగాన్ని బట్టి సరిచేయండి. మూల తిరిగాక గీత అలలా వణికితే బెల్టు వదులైంది, లేదా లెన్స్ గొట్టం ఊగుతోంది. వేలితో కదిపితే తెలిసిపోతుంది.

కొనే ముందు చేయించాల్సిన పరీక్ష

అమ్మేవాళ్లు చూపించే శాంపిల్ వాళ్ల మెషీన్ బాగా చేసే పనే. మీ ఫైలు, మీ ప్లైవుడ్ ఇచ్చి మీ కళ్లెదుట చేయించండి. ఒకే షీటు మీద 2 మి.మీ. అక్షరాల వరస ఒకటి, 5 నుంచి 20 శాతం పవర్ దాకా మెట్లు మెట్లుగా నింపిన పట్టీ ఒకటి, నాలుగు మూలల్లో ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున అయిదు చదరాలు. అక్షరాలయ్యాక లెన్స్ మార్చి చదరాలు కోయమనండి. మార్చడానికి ఎంతసేపు పట్టిందో, మళ్లీ ఫోకస్ ఎలా పెట్టారో గమనించండి. పట్టీలో ఏ మెట్టు దగ్గర మచ్చలు మొదలయ్యాయో చూస్తే ట్యూబ్ నిలకడ తెలుస్తుంది. చదరాలు అయిదూ తట్టకుండానే కింద పడాలి.