ఇండియా హ్యాండ్‌లూమ్ బ్రాండ్‌కి దరఖాస్తు: ఫారం కన్నా ముందు రంగుల లెక్క

చీరకి ఇండియా హ్యాండ్‌లూమ్ లేబుల్ కావాలంటే కేంద్ర జౌళి శాఖ కింద పనిచేసే టెక్స్‌టైల్స్ కమిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. 2015 ఆగస్టు 7న, మొదటి జాతీయ చేనేత దినోత్సవం రోజున, చెన్నైలో మొదలైన బ్రాండ్ ఇది. 2006 నుంచి ఉన్న హ్యాండ్‌లూమ్ మార్క్ బట్ట చేతి మగ్గం మీద నేసిందని మాత్రమే చెబుతుంది. ఈ బ్రాండ్‌కి నూలు, నేత, రంగు నిలవడంతో పాటు రంగులోని రసాయనాన్ని కూడా పరీక్షిస్తారు. టెన్షన్ పెట్టేది ఈ చివరిదే.

నేత కార్మికులు, సహకార సంఘాలు, మాస్టర్ వీవర్లు, స్వయం సహాయక సంఘాలు ఎవరైనా దరఖాస్తు చేయొచ్చు. పవర్‌లూమ్ బట్టకి మాత్రం వీల్లేదు.

ఆ పరీక్షలో చూసేది అజో రంగుల్ని, అంటే కృత్రిమ రంగుల్లో ఒక పెద్ద రకాన్ని. అవన్నీ చెడ్డవి కావు. వాటిలో కొన్ని విడిపోయి, క్యాన్సర్ తెచ్చే అమైన్లు అనే రసాయనాలను వదులుతాయి. మన దేశంలో అలాంటి 112 రంగులపై నిషేధం ఉంది. యూరప్‌లోనైతే ఒంటికి తగిలే బట్ట కిలోలో, జాబితాలోని 22 అమైన్లలో ఏ ఒక్కటీ 30 మిల్లీగ్రాములు మించకూడదు. ల్యాబ్‌లో బట్ట ముక్కని 70 డిగ్రీల వేడిలో అరగంట సోడియం డైథయోనైట్‌తో కలిపి ఉంచి, ఏం బయటికొచ్చిందో చూస్తారు. పేరు కొత్తగా ఉన్నా, అది వ్యాట్ రంగులద్దేటప్పుడు మనం తొట్టిలో వేసే హైడ్రోసే!

అందుకే ఫారం ముట్టుకునే ముందు అద్దకం షెడ్డుకి వెళ్లండి. పోచంపల్లి రకం చీరలో ఒక్కో చిలప (నూలు కట్ట) రెండు మూడు రంగుల్లో మునుగుతుంది. ఏ రంగు ఏ డబ్బాలోంచి వచ్చిందో నోటు పుస్తకంలో ఉండాలి: తేదీ, బిల్లు నంబరు, కంపెనీ, డబ్బా మీది బ్యాచ్ నంబరు, అద్దిన చిలపలు. పక్కనే అదే రంగు నూలు పోగు అంటించండి. పొట్లం కట్టి లూజుగా అమ్మే రంగు ఎంత చవకైనా కొనొద్దు. దాని పుట్టుక ఎవరూ చెప్పలేరు. జాతీయ చేనేత అభివృద్ధి సంస్థ నూలుతో పాటు రంగులూ సరఫరా చేస్తుంది, అక్కడ కొంటే బిల్లు చేతిలో ఉంటుంది. నాఫ్తాల్ రంగులు వాడేవాళ్లు బేస్ (నూలు మీద నాఫ్తాల్‌తో కలిసి రంగుగా మారే రెండో మందు) పేరు కూడా రాయాలి. ఎర్రకి వాడే ఫాస్ట్ రెడ్ టీఆర్, ముదురు గార్నెట్ షేడ్‌కి వాడే జీబీసీ బేస్‌లు స్వయంగా ఆ 22 అమైన్లలోనివే.

ఇక మిగతాది మామూలు ఆఫీసు పనే. బ్రాండ్ వెబ్‌సైట్‌లోని ఫారం తీసుకుని చిరునామా, మగ్గాల వివరాలు, లేబుల్ కావలసిన బట్ట రకం నింపండి. గుర్తింపు పత్రాలు, ఫీజు, బట్ట శాంపిల్‌తో దగ్గర్లోని టెక్స్‌టైల్స్ కమిటీ ఆఫీసులో ఇవ్వండి. ఫీజు, శాంపిల్ కొలత అక్కడే అడిగి ఖాయం చేసుకోండి. శాంపిల్‌గా తెల్లంచు చీర ఏరి ఇచ్చే తెలివి వద్దు. మీరు రోజూ అమ్మే రంగులన్నీ అందులో ఉండాలి. ల్యాబ్ రిపోర్టు బాగుంటే రిజిస్ట్రేషన్ వస్తుంది, ఆ తర్వాత లేబుళ్లు తీసుకోవచ్చు.

రిపోర్టులో అమైన్ కనిపిస్తే ఏ రంగులో దొరికిందో అడగండి. ఆ రంగు పేజీ తీసి, అదే బ్యాచ్‌తో అద్దిన మిగతా చిలపలు ఏ మగ్గాల మీదున్నాయో చూసి, ముందు ఆ పడుగులు ఆపించండి.